పచ్చలైటు వెలిగిన పడవ

లీలారాణికి కొన్నేళ్ళుగా ఆఫీసంటే ఒక ప్లాస్టిక్ స్టూలు. పలాస దాటాక కొబ్బరితోటల మధ్య ఉన్న డయాలసిస్ కేంద్రంలో, కిటికీ పక్క మంచం దగ్గర ఉంటుందది. మంచం మీద ఆమె భర్త రాబర్ట్ ఎడమచేతికి రెండు గొట్టాలు పెట్టించుకుని పడుకుంటాడు. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్‌లోకి పోతుంది, శుభ్రపడి ఇంకో గొట్టంలోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. వారానికి మూడుసార్లు, పొద్దున్నే వస్తే ఎండ నడినెత్తికెక్కేదాకా అదే. అంతసేపూ లీలారాణి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని తన ఉద్యోగం తను చేసుకుంటుంది.

ఆమె టెక్కలి దగ్గర ఒక బాప్టిస్టు సంఘం పాస్టరుగారి కూతురు. విశాఖలో ఇంజనీరింగు చదివి అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది. రాబర్ట్ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఆదివారం సంఘంలో పాట ఎత్తుకునేది కూడా అతనే. పెళ్ళయిన కొత్తలో వారం వారం ఎవరో ఒకరు రైలెక్కి రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు. ఇద్దరికీ ఒకే ఊళ్ళో పని చూసుకుందాం అనుకుంటూ ఉండగానే, ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఎంతమందికో వచ్చిన కిడ్నీల జబ్బు రాబర్ట్‌కీ వచ్చింది. ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. లీలారాణి విశాఖ గది ఖాళీ చేసి కాశీబుగ్గ వచ్చేసింది. పని బాగా చేసే మనిషి కాబట్టి కంపెనీ ఆమెను వదులుకోలేదు, ఎక్కడ కూర్చుని చేసినా సరేనంది.

కంపెనీ చేసేది పడవలకి పనికొచ్చే పరికరం. వేటకెళ్ళే పడవ మీద ఒక పెట్టె, ఒడ్డున టవరు కింద ఇంకో పెట్టె. పడవ ప్రమాదంలో పడితే లోపలివాళ్ళు ఎర్రబటను నొక్కుతారు. పడవ పేరు, అది ఉన్న చోటు కలిసి చిన్న మూటలా గాలిలో బయల్దేరుతాయి. ఆ మూటని ఆ పనిలోవాళ్ళు పాకెట్ అంటారు. ఒడ్డునున్న పెట్టె దాన్ని అందుకుని కంట్రోల్ రూముకి పంపుతుంది. అందుకున్నానని పడవకి తిరుగు కబురు కూడా వెళ్తుంది. అప్పుడు పడవ పెట్టె మీద పచ్చలైటు వెలుగుతుంది. లీలారాణి చేతిలో ఉన్నది ఒడ్డు పెట్టె లోపలి పని. ఏ చిన్న పరికరంలోనైనా అడుగున ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, దానికి కెర్నెల్ అనే మూలభాగం ఉంటుంది. వచ్చిన పాకెట్ నేలపాలు కాకుండా పట్టుకుని లోపలికి అందించడం ఆ కెర్నెల్ బాధ్యత. దాన్ని మొదట రాసిన మనిషి ఎప్పుడో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అతను వదిలిన చోటునుంచి ఈమె చూసుకుంటోంది.

రాబర్ట్ పక్క మంచం గంగులుది. బారువకి దిగువనున్న పేటలో పుట్టి, ఊహ తెలిసినప్పటినుంచీ సముద్రం మీదే బతికిన మనిషి. ఇప్పుడు సూదులు గుచ్చీ గుచ్చీ చేతి మీద తాడులా ఉబ్బిన నరంతో, మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగుతూ, పైకప్పు చూస్తూ పడుకుంటాడు. అతని భార్య బుల్లమ్మ చేపలమ్ముతుంది. మొగుడి మంచం పక్కన ఆమెకీ ఒక స్టూలుంది. రెండు మంచాల మధ్య సందులో ఇద్దరాడవాళ్ళూ మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి. అలా కూర్చుని కూర్చునే దగ్గరయ్యారు. బుల్లమ్మ లీలారాణిని అమ్మీ అంటుంది, లీలారాణి ఆమెని పిన్నీ అంటుంది. ఒకరు టీకి వెళ్తే రెండు మిషన్లూ రెండోవాళ్ళు చూసుకుంటారు. బుల్లమ్మ తెచ్చే ఎండుచేపల పులుసు రాబర్ట్ తినకూడదు. అది తెలిసీ వాసన చూడమని గిన్నె మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టేది. అతను నవ్వేవాడు. ఆ గదిలో నవ్వు వినబడేది ఆ రెండు మంచాల దగ్గరే.

గంగులుకి, బుల్లమ్మకి ఒక్కడే కొడుకు, ధనరాజు. తండ్రి మంచం పట్టాక పడవ బాధ్యత అతనిదయ్యింది. వేట లేని రోజు ఆస్పత్రికొచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, ఏ నీటిలో ఏ చేప తగిలిందో, వల ఎక్కడ చిరిగిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. గంగులు కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యమధ్యలో ఒక మాట అడిగేవాడు, నీటి రంగు ఎలా ఉందని, ఏ వైపు లాగుతోందని. ఆ పూట అతనికి మంచం మీద ఉన్నట్టు ఉండేది కాదు.

ఆ ఏడు ధనరాజు పడవకీ పెట్టె బిగించారు. అది లీలారాణి వాళ్ళ కంపెనీదే అని తెలిసినప్పుడు బుల్లమ్మ సంబరం చెప్పనలవి కాదు. సొంత కూతురే ఒడ్డున నిలబడి చూస్తున్నట్టు అందరికీ చెప్పుకుంది. పెట్టె ఎలా పనిచేస్తుందని అడిగితే లీలారాణి విడమరిచి చెప్పింది. పచ్చలైటు వెలిగితే కబురు అందినట్టేనని, ఇంక పడవను అంటిపెట్టుకుని ఉంటే చాలని, సాయం వస్తుందని. ఆ మాట బుల్లమ్మ కొడుక్కి చెప్పింది, పేటలో మిగతావాళ్ళకీ చెప్పింది.

లోపం బయటపడింది దాని తర్వాత.

ఇంట్లో భోజనాల బల్ల మీద లీలారాణి ఒక ఒడ్డు పెట్టెను, దానికి పాకెట్లు పంపే బోర్డులను పెట్టుకుని పరీక్షలు చేస్తూ ఉంటుంది. పంపినవన్నీ చేరాలి. ఒకసారి ఒకటి తగ్గింది. ఇంకోసారి చేస్తే సరిపోయింది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆమె వదల్లేదు. రోజుల తరబడి తవ్వగా తవ్వగా దొరికింది. పెట్టెకి రెండు రేడియోలున్నాయి. రెండూ వచ్చిన పాకెట్‌ని ఒకే వరుసలోని అరల్లో పెడతాయి. ఒక రేడియో ఖాళీ అర చూసుకుని, ఇది నాది అని గుర్తు పెట్టేలోపల రెండోది కూడా అదే అరను ఖాళీ అనుకుంటే, రెండు పాకెట్లూ ఒకే చోట పడతాయి. మీద పడింది నిలుస్తుంది, కిందది చెరిగిపోతుంది. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేని సందది. రెండు పాకెట్లు సరిగ్గా ఆ సందులో పడాలి. అయినా లోపం లోపమే. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. పచ్చలైటు వెలిగించే కబురు రేడియో తనంత తాను పంపేస్తుంది. లోపల పాకెట్ నిలిచిందో చెరిగిందో దానికి తెలియదు. పచ్చలైటు వెలిగాక పడవ పెట్టె ఇంక పంపడం మానేస్తుంది.

ఆమె ఆ రోజే విశాఖలో తన పైఅధికారి ఉషకి చెప్పింది. ఉష మంచి మనిషి, కంగారు పడింది, వెంటనే సరిచేసి అన్ని టవర్లకీ పంపేద్దామంది. లీలారాణి అరల వరుసకి తాళం లాంటిది పెట్టింది, ఒకరు వాడుతుంటే రెండోవాళ్ళు ఆగేలా. పరీక్షకి పెడితే పాకెట్లన్నీ లెక్క సరిపోయాయి. ఉష పంపేద్దామా అంది. ఇంకొక్క రాత్రి నడవనివ్వమంది లీలారాణి. తెల్లారి చూస్తే పెట్టె మొత్తం బిగుసుకుపోయి ఉంది.

కారణం తెలుసుకోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. పాకెట్‌ని కంట్రోల్ రూముకి పంపే పని తాళం పట్టుకుని ఉన్నప్పుడు రేడియో కొత్త పాకెట్‌తో వచ్చి, ముందు నా సంగతి చూడమని ఆ పనిని మధ్యలో ఆపేసింది. ఇప్పుడు రేడియోకి తాళం కావాలి. తాళం పట్టుకున్న పనేమో రేడియో తప్పుకుంటే గానీ కదలదు. రెండూ అక్కడే ఆగిపోయాయి. పాత పెట్టెలో ఎప్పుడో ఒకసారి ఒక పాకెట్ పోతుంది. కొత్తదాంట్లో ఆ క్షణం నుంచి ఎవరు నొక్కినా, ఎంతమంది నొక్కినా, అందరికీ పచ్చలైటు వెలుగుతుంది, ఒక్కరి కబురూ ఒడ్డు దాటి లోపలికి రాదు.

అందుకని ఆమె వద్దంది. తాళం పట్టుకున్నంతసేపూ రేడియో అడ్డు రాకుండా ఆపే మార్గం ఉంది, అలాగే రాస్తాను, కానీ ఈసారి బాగా నలగ్గొట్టి చూశాకే టవర్లకి పంపుదాం, అప్పటిదాకా పాతదే ఉండనీ అని ఉషకి చెప్పింది. ఉష ఒప్పుకుంది. ఆ పని తెలిసినవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు, బుల్లమ్మ పక్కన కూర్చుని ఉండగా, లీలారాణికి ఒక మాట నోటిదాకా వచ్చింది. పచ్చలైటు వెలిగినా సరే ఇంకోసారి నొక్కమని ధనరాజుకి చెప్పు పిన్నీ, అందామని. మళ్ళీ నొక్కితే కొత్త పాకెట్ వెళ్తుంది, మొదటిది పోయినా రెండోది అందుతుంది. కానీ ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? పెట్టెలో లోపముందని పేటంతా పాకితే, అసలు పెట్టెనే తీసి పక్కన పడేస్తారేమో. పైగా బాగయ్యేదాకా బయట అనవద్దని కంపెనీ కోరింది. అంత సన్నటి సందులో రెండు పడవల కబుర్లు పడేదెప్పుడు, ఈలోపు పనే అయిపోతుంది అనుకుంది. బుల్లమ్మ అప్పుడు గంగులు పాదాలు వత్తుతోంది. లీలారాణి నోరు మూసుకుని లాప్‌టాప్ వైపు తిరిగింది.

అల్పపీడనం వస్తుందని వార్తల్లో చెప్పినది మర్నాటికి. అది ముందురోజే వచ్చేసింది. పొద్దున ఆస్పత్రికి వస్తున్నప్పుడు ఆకాశం మామూలుగానే ఉంది. మిషన్లు మొదలయ్యాక కాసేపటికి కిటికీ బయట కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి వంగిపోయాయి. వాన అడ్డంగా కొట్టడం మొదలెట్టింది. నర్సు వచ్చి కిటికీలు మూసింది. ఆ రోజు తెల్లవారుజామున పేటలో చాలా పడవలు నీటిలోకి దిగాయి. ధనరాజుది కూడా.

బుల్లమ్మ ఫోను చేస్తూనే ఉంది, కలవడంలేదు. గంగులు ఒక చేయి కదపడానికి లేక రెండో చేత్తో మంచం ఇనుపకమ్మీ పట్టుకుని, గాలి ఏ దిక్కునుంచి కొడుతోందో చూసి చెప్పమన్నాడు. నైరుతి నుంచని లీలారాణి చెప్పింది. అయితే పడవలు ఒడ్డు చేరడం కష్టమేనన్నాడతను.

"బాక్సుంది కదా పిన్నీ" అంది లీలారాణి. "ఏమీ కాదు. నొక్కితే కబురు వచ్చేస్తాది."

బుల్లమ్మ తలూపింది, ఆ మాట పట్టుకుని కాస్త నెమ్మదించింది. లీలారాణి ఒళ్ళో లాప్‌టాప్ తెర మీద, ఇంట్లో బల్ల మీద నడుస్తున్న కొత్త పెట్టె పరీక్ష తాలూకు అంకెలు పెరుగుతూ ఉన్నాయి. ఒక్కటీ తగ్గడంలేదు. ఈసారి తాళం సరిగ్గా కూర్చుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే టవర్లకి పంపవచ్చు అనుకుంది.

సాయంత్రానికి పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని వేరే రేవుల్లో తేలాయి. తవిటయ్య అనే అతని పడవ మునిగిపోతుండగా రక్షణబోటు వెళ్ళి మనుషుల్ని ఎక్కించుకొచ్చింది. ధనరాజు పడవ రాలేదు. తవిటయ్య బోటు ఎక్కుతూనే దూరంగా ఇంకో పడవ ఉందని చెప్పాడట. వాళ్ళు వెతికారట. కానీ అప్పటికే చాలాసేపైపోయింది, నీరు దాన్ని ఎటో లాక్కుపోయింది. తర్వాత కొన్నాళ్ళకి ఒడిశా తీరంలో ఆ పడవ బోర్లాపడి దొరికింది. అందులోవాళ్ళు కొందరు శవాలై ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ధనరాజు ఏ ఒడ్డుకీ రాలేదు.

గాలివాన తర్వాతి డయాలసిస్ రోజు గంగులు మంచం ఖాళీగా ఉంది. కొడుకు కోసం ఒడ్డున కూర్చున్నాడని, రానంటున్నాడని ఎవరో చెప్పారు. రాబర్ట్ మిషన్ పని అవగానే, అతన్ని ఇంటి దగ్గర దింపి, లీలారాణి ఆటో మాట్లాడుకుని పేటకి వెళ్ళింది.

పడవలన్నీ పైకి లాగి ఉన్నాయి. వలలు ఎవరూ ముట్టుకోలేదు. బుల్లమ్మ ఇంటి వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఒక పక్కన తవిటయ్య గోడకానుకుని, ఎంతోమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో జరిగింది మళ్ళీ చెబుతున్నాడు. రెండు పడవలూ ఆ గాలిహోరులో కేక వేస్తే వినబడనంత దూరంలో ఉన్నాయట, కళ్ళకి మాత్రం కనబడుతున్నాయట. పెద్ద కెరటం ఒకటి రెండింటినీ ఒకేసారి కొట్టిందట. ఇద్దరూ ఒకేసారి బటను నొక్కారట.

"మాకు పచ్చలైటు ఎలిగినాది" అన్నాడు తవిటయ్య. "ఆలకీ ఎలిగినాది. ధనరాజు పెట్టె పైకెత్తి మాకు సూపించినాడు. సెయ్యూపినాడు. ఇంక బయం నేదని నవ్వినాడు కూడా. అక్కడే ఉండిపోనారు. మా కాడికి ఈదుకొచ్చీసినా బతికుందురు."

అక్కడున్నవాళ్ళందరికీ అదొక విధి ఆట. లీలారాణికి మాత్రం అర, దాంట్లో ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు మూటలు, అన్నీ కళ్ళకి కట్టినట్టు కనబడ్డాయి. తను బల్ల మీద ఎన్ని వేలసార్లో పెట్టి చూసిన సంగతది. ఏది నిలిచిందో, ఏది చెరిగిందో ఇప్పుడు పేర్లతో సహా తెలిసింది.

బుల్లమ్మ ఆమెను చూసింది. లేచి రాలేదు, ఏడవలేదు. దగ్గరికి రమ్మని చేత్తో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"పచ్చలైటు ఎలిగితే అందినట్టేనని నువ్వే సెప్పినావమ్మీ. మరి మా గుంటడిది అందనేదేటి?"

అబద్ధం చెప్పడానికి దారులు చాలా ఉన్నాయి. గాలివాన, టవరు, కరెంటు. ఏది చెప్పినా బుల్లమ్మ నమ్మేది.

"అందింది పిన్నీ. రెండు పడవలదీ ఒకేసారి అందింది. లోపల పెట్టుకునేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. తవిటయ్యది ఉండిపోయింది, ధనరాజుది చెరిగిపోయింది. అలా అవుతాదని నాకు తెలుసు. బాగుచేస్తన్నాను. ఇంకా అవలేదు."

"ముందే తెలుసా?"

"తెలుసు."

బుల్లమ్మ ఏదో చిన్న సంగతి అడుగుతున్నట్టే అడిగింది.

"ఆడు మల్లీ నొక్కుంటే?"

"మళ్ళీ నొక్కితే అందేది."

"ఆ ముక్క సెప్పనేదేటి నాకు? పక్కనే కూకున్నావు కదమ్మీ."

కంపెనీ మాట గానీ, భయం గానీ, లెక్క గానీ ఆ వాకిట్లో చెప్పదగ్గవి కావు. బుల్లమ్మ నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు దారి ఇచ్చి, మళ్ళీ దగ్గరగా జరిగారు. ఆటో అతను వచ్చి, చీకటి పడుతోందని పిలిస్తే లీలారాణి లేచింది.

గంగులు ఇంక డయాలసిస్‌కి రానన్నాడు. రాకపోతే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. ఆ గదిలో మంచాలు ఎలా ఖాళీ అవుతాయో అతను చూసినవాడే. నర్సు ఫోను చేసింది, డాక్టరు మనిషిని పంపాడు. చివరికి రాబర్ట్ తానే వెళ్తానన్నాడు. నడిస్తే ఆయాసపడే మనిషి, ఇసుకలో లీలారాణి భుజం పట్టుకుని నడిచాడు. గంగులు ఒడ్డున బోర్లించిన పడవ నీడలో పడుకుని ఉన్నాడు. ముఖం అప్పటికే ఉబ్బింది. బాబాయ్, నువ్వు లేకుండా నేనొక్కడినే ఆ గదిలో పడుకోలేనన్నాడు రాబర్ట్. గంగులు అతని చేయి పట్టుకుని, తనకున్నట్టే ఉబ్బిన నరం మీద బొటనవేలితో నిమిరాడు.

"ఇన్నాళ్ళూ ఆడొచ్చి కాళ్ళకాడ కూకుంటాడని రగతం కడిగించుకున్నాను బాబూ" అన్నాడు. "ఇప్పుడు కడిగించుకుని ఏటి సెయ్యమంటావు? ఇక్కడ కూకుని సంద్రం సూస్తా ఉండమంటావా?"

లీలారాణి అతని కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గంగులు ఆమెను ఒక్క మాటా అనలేదు. నువ్వేటి సేస్తావమ్మా, అంత పెద్ద సంద్రంలో ఒక్కదానివి అని మాత్రం అన్నాడు. ఆ మాట ఆమెకి ఏ తిట్టుకన్నా తక్కువగా తగల్లేదు.

అతను కొబ్బరినీళ్ళు అడిగాడు. జబ్బు మొదలైనప్పటినుంచీ విషంతో సమానమని డాక్టర్లు వద్దన్నవి. చుట్టూ తోటలే అయినా ఒక్క చుక్క ముట్టుకోకుండా ఉన్నాడు. బుల్లమ్మ బొండం కొట్టించి తెచ్చి, తల ఎత్తి పట్టుకుని తాగించింది. ఇంకోటి అడిగితే ఇంకోటి తెచ్చింది. వద్దనలేదు. రాబర్ట్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ వారం దాటకుండానే గంగులు పోయాడు. కొడుకుకి చేయలేని దహనం తండ్రికి చేశారు, సముద్రానికి కనబడేలా.

సరిచేసిన కోడ్ ఆ తర్వాత టవర్లన్నిటికీ వెళ్ళింది. ఉష ఫోను చేసి, తొందరపడి మొదటి తాళమే పంపి ఉంటే తవిటయ్య వాళ్ళు కూడా దక్కేవారు కాదేమో, నువ్వు చేసింది సరైన పని అంది. లీలారాణి విని ఫోను పెట్టేసింది. పనిలో తప్పు చేయలేదని ఆమెకీ తెలుసు. రాబర్ట్ కూడా అదే చెప్పాడు, ఒకసారి కోపంగా, ఇంకోసారి బతిమాలుతూ. ఆదివారం తండ్రి సంఘంలో, తప్పిపోయిన పడవల కోసం ప్రార్థన చేయమని ఆయన ఆమెనే అడిగాడు. లేచి నిలబడింది, మాట రాలేదు. కూర్చుండిపోయింది. తండ్రి తనే అందుకుని పూర్తి చేశాడు. ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే అంది, కోడ్ గురించి నాకు బాధ లేదు నాన్నా, నోరు గురించి. ఆయన కూతురి తల మీద చేయి పెట్టాడు.

గంగులు మంచం మీదకి కుమారి అనే పడుచుపిల్ల వచ్చింది, ఆమె పక్కన స్టూలు మీద మొగుడు. లీలారాణి వాళ్ళతో మాట కలపలేదు. లాప్‌టాప్ మీంచి తల ఎత్తడం తగ్గించింది. ఎదుటి స్టూలు కాళ్ళు తన స్టూలు కాళ్ళకి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడేది.

చలికాలం వెళ్ళిపోతుండగా ఒక రోజు బుల్లమ్మ వచ్చింది. గంగులు దుప్పటీ, సబ్బుపెట్టె ఆస్పత్రి అరలోనే ఉండిపోయాయని, అవి తీసుకుపోవడానికి. మనిషి సగమైంది. నర్సు ఇచ్చినవి చంకన పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి రాబర్ట్ మంచం దగ్గరికి వచ్చింది. అతని బరువు ఎంతుంటోందని, కాళ్ళు వాస్తున్నాయా అని అడిగింది. లీలారాణి లేచి స్టూలు ముందుకి జరిపింది. బుల్లమ్మ కూర్చోలేదు.

"ఇప్పుడు ఇద్దరు ఒక్కపాలే నొక్కితే?" అంది.

"ఇద్దరిదీ అందుతాది పిన్నీ."

"నలుగురు?"

"ఎంతమందైనా."

బుల్లమ్మ ఆ మాటని లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు తలూపింది.

"నానైతే పేటపేటకీ ఎల్లి సెప్తన్నాను" అంది. "పచ్చలైటు ఎలిగినా నమ్మకండర్రా, ఇంకోపాలి నొక్కండని. బారువలో సెప్పినాను, అటు కవిటి వోళ్ళకీ సెప్పినాను. సేపలు తీసుకున్నపుడల్లా ఒక్కొక్కడి సెయ్యట్టుకుని సెప్తన్నాను."

ఇంక అవసరం లేదు పిన్నీ అనబోయింది లీలారాణి. అనలేదు. చెప్పు పిన్నీ, అందరికీ చెప్పు అంది.

"నీ మీద కోపం పోనేదమ్మీ" అంది బుల్లమ్మ, గొంతు పెంచకుండానే. "పోవాలనే సూస్తన్నాను. పోడం నేదు."

"పోనక్కర్లేదు పిన్నీ."

బుల్లమ్మ రాబర్ట్ దుప్పటి కొసను కాళ్ళ మీదకి లాగి సర్ది, బస్సు వెళ్ళిపోతుందని గబగబా బయటికి నడిచింది. లీలారాణి కిటికీలోంచి చూసింది. రోడ్డు మీద నెత్తిన ఖాళీ తట్టతో, చంకన దుప్పటితో బుల్లమ్మ బస్సు వైపు చేయి ఊపుతోంది. బస్సు ఆగింది, ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది.

ఏం చూస్తున్నావని రాబర్ట్ అడిగాడు. ఆమె చెప్పబోయింది. అంతలో మిషన్ పూర్తయినట్టు మోగింది. నర్సు వచ్చి సూదులు తీస్తుంటే, రక్తం కారకుండా లీలారాణి దూది పెట్టి అతని చేతిని గట్టిగా నొక్కి పట్టుకుంది. నొప్పెడుతోందని రాబర్ట్ అన్నా, చాలాసేపటిదాకా ఆ పట్టు వదల్లేదు.